కంట్రోల్ ఎస్ ఎడమచేతి పని

అందరికీ నమస్కారం. మీలో చాలామందికి టైపింగ్‌తోనే రోజు గడుస్తుంది. అందుకని కంప్యూటర్ అంటే ఏమిటి అన్న దగ్గర్నుంచి మొదలుపెట్టను. సూటిగా సేవ్ చేయడం దగ్గరికే, అంటే కంట్రోల్, ఎస్ కీలు కలిపి నొక్కే షార్ట్‌కట్ దగ్గరికే వస్తాను.

ముందు ఒక లెక్క. 1980లో స్టువర్ట్ కార్డ్, థామస్ మోరన్, అలెన్ న్యూవెల్ అనే ముగ్గురు, కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి కదలికలకు సెకన్లలో లెక్క కట్టారు. ఒక మోస్తరు చేయి తిరిగిన టైపిస్టుకు ఒక కీ నొక్కడానికి 0.2 సెకను. చెయ్యి కీబోర్డు నుంచి మౌస్ మీదికి వెళ్లడానికి 0.4. బాణం గుర్తును కావలసిన చోట నిలపడానికి 1.1. ఈ లెక్కన తెర పైభాగాన సేవ్ కోసం ఉండే ఫ్లాపీ బొమ్మను నొక్కి, చెయ్యి మళ్లీ కీబోర్డు మీదికి వచ్చేసరికి 2.1 సెకన్లు. కంట్రోల్ ఎస్‌కు రెండు కీలే, 0.4. రోజుకు 60 సార్లు సేవ్ చేసినా మిగిలేది 2 నిమిషాల్లోపే. టీ చల్లారడానికి కూడా చాలదు. షార్ట్‌కట్లు నేర్చుకుంటే బోలెడు టైము కలిసొస్తుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

లాభం ఇంకోచోట ఉంది. మౌస్‌తో సేవ్ చేసే మనిషి అసలు 60 సార్లు చేయడు. ఈ పేజీ అయ్యాక చేద్దాంలే అనుకుంటాడు, ఈలోపు కరెంటు పోతుంది. వర్డ్ తనే దాచిపెడుతుంది కదా అంటారు. దాచిపెడుతుంది, మీరు సెట్టింగ్ మార్చకపోతే 10 నిమిషాలకోసారి. అంటే పోతే 10 నిమిషాల పని పోవచ్చు. పైన కనిపించే ఆటోసేవ్ స్విచ్ సంగతి వేరు. ఫైలు మైక్రోసాఫ్ట్ వారి ఆన్‌లైన్ నిల్వలైన వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉంటేనే అది పనిచేస్తుంది, మీ డి డ్రైవ్‌లో ఉన్న ఫైలుకు కాదు. వేళ్లకు అలవాటైతే వాక్యం ముగిసి ఫుల్‌స్టాప్ పడగానే సేవ్ కూడా పడిపోతుంది. కళ్లు కాగితం మీంచి పక్కకు పోనక్కర్లేదు.

ఇక వేళ్లు. ఎడమ చిటికెన వేలు కంట్రోల్ మీద, ఉంగరపు వేలు ఎస్ మీద. ముందు కంట్రోల్ నొక్కి పట్టుకోండి, ఎస్‌ను ఒక్కసారి తట్టండి, ఎస్ వదిలాకే కంట్రోల్ వదలండి. చిటికెన వేలు నొప్పి పెడితే కుడివైపు కంట్రోల్‌ను కుడిచేత్తో పట్టుకుని ఎడమచేత్తో ఎస్ కొట్టండి. కొన్ని లాప్‌టాప్‌లలో ఎడమ మూలన కంట్రోల్ బదులు ఎఫ్ఎన్ కీ ఉంటుంది, కొత్త మిషన్ మీద కూర్చున్నప్పుడు ముందు అది చూసుకోండి. మ్యాక్‌లో అయితే కమాండ్ ఎస్.

కంట్రోల్ ముందే వదిలేస్తే ఏమవుతుంది? ఇంగ్లీషులో అయితే ఒక ఎస్ అక్షరం పడుతుంది, కంటికి ఇట్టే కనబడుతుంది. తెలుగులో అంత తేలిక కాదు. భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఎస్ కీ మీద ఉన్నది ఏత్వం. ఖాళీ తర్వాత పడితే చుక్కల వలయం మీద ఏత్వం కనిపిస్తుంది, పట్టుకోవచ్చు. కానీ మీరు ‘కడప’ అని కొట్టి సేవ్ చేయబోయారనుకోండి, అది ‘కడపే’ అయిపోతుంది. అదీ సరైన తెలుగు మాటే కాబట్టి స్పెల్‌చెక్ ఎర్రగీత గీస్తుందన్న నమ్మకం లేదు. ప్రూఫు చదివేవారి కంటికి దొరికితే దొరికినట్టు. అందుకే మాట మధ్యలో గానీ, చివరి అక్షరం పడగానే గానీ సేవ్ కొట్టకండి. స్పేస్ పడ్డాక కొట్టండి, జారినా వలయం పట్టిస్తుంది.

ఎస్ పక్కనున్న కీలతోనూ జాగ్రత్త. ఎడమన ఉన్నది ఏ. కంట్రోల్ ఏ పడితే ఫైలంతా సెలెక్ట్ అవుతుంది, ఆ వెంటనే ఏదైనా ఒక అక్షరం కొడితే మొత్తం తుడిచిపెట్టుకుపోయి ఆ ఒక్క అక్షరం మిగులుతుంది. అలవాటు కొద్దీ అప్పుడే కంట్రోల్ ఎస్ కూడా కొట్టేస్తాం. గాభరాపడి ఫైలు మూసేస్తే మాత్రం పని అయిపోయినట్టే. మూయకుండా, చేసిన పనిని వెనక్కి తిప్పే కంట్రోల్ జెడ్ కొట్టండి, టైపు చేసినది తిరిగొచ్చేదాకా. వర్డ్‌లో సేవ్ చేశాక కూడా అది పనిచేస్తుంది. వచ్చాక మళ్లీ సేవ్ చేయండి.

కుడివైపున్న డి ఎక్సెల్‌లో ఇంకా ప్రమాదం. జీతాల పట్టీలో 14వ వరుసలో 4,200 ఉన్న గడి మీద కర్సర్ ఉంది. కంట్రోల్ ఎస్ అనుకుని కంట్రోల్ డి కొట్టారు. పైగడిలోని 3,800 చప్పుడు లేకుండా కిందికి దిగుతుంది. మొత్తంలో 400 తగ్గుతుంది, ఏ హెచ్చరికా రాదు. సేవ్ చేసేముందు కర్సర్‌ను ఒక ఖాళీ గడిలోకి తీసుకెళ్లడం మంచిది, పైన కూడా ఖాళీ గడే ఉండేట్టు చూసుకుని.

ఆన్‌లైన్‌లో దరఖాస్తులు నింపేవారికి ఒక మాట. బ్రౌజర్‌లో కంట్రోల్ ఎస్ కొడితే ఆ వెబ్ పేజీ మీ కంప్యూటర్‌లోకి దిగుతుంది అంతే. మీరు నింపిన వివరాలు అవతలి సర్వర్‌కు చేరవు. అక్కడ ఆ ఫారంలోని సేవ్ బటనే దిక్కు. టాబ్ కీతో దాని దాకా వెళ్లి ఎంటర్ కొట్టవచ్చు.

కొత్త ఫైలు విషయానికొస్తే, ఒక్క అక్షరం కూడా టైపు చేయకముందే ఎఫ్12 కొట్టండి. వర్డ్, ఎక్సెల్ రెండింటిలోనూ పేరు, చోటు అడిగే సేవ్ యాజ్ పెట్టె నేరుగా తెరుచుకుంటుంది. లాప్‌టాప్‌లో ఎఫ్12 కొడితే వేరే పనేదో జరిగితే ఎఫ్ఎన్ కలిపి కొట్టండి. కర్సర్ పేరు గడిలోనే ఉంటుంది. అక్కడ డి, కోలన్, బ్యాక్‌స్లాష్ కొట్టి ఎంటర్ అంటే పెట్టె డి డ్రైవ్‌లోకి వెళ్తుంది. కొత్త ఫోల్డర్ కావాలంటే కంట్రోల్ షిఫ్ట్ ఎన్. మళ్లీ పేరు గడికి రావాలంటే ఆల్ట్ ఎన్, ఇంగ్లీషు కీబోర్డు మీద ఉన్నప్పుడు. పేరు కొట్టి ఎంటర్.

పేరులో తేదీ పెట్టేవారు 12/06/2025 అని కొట్టి, సేవ్ కావడం లేదని తల పట్టుకుంటారు. విండోస్ ఫైలు పేర్లలో ఏటవాలు గీత పనికిరాదు, కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు, జంట కొటేషన్ గుర్తు కూడా అంతే. 2025-06-12 అని సంవత్సరం ముందు పెట్టండి, ఫోల్డర్‌లో ఫైళ్లు తేదీల వరుసలో నిలబడతాయి.

లిబ్రాఫీస్‌లో, పేజ్‌మేకర్‌లో సేవ్ యాజ్‌కు కంట్రోల్ షిఫ్ట్ ఎస్. అదే వర్డ్‌లో కొడితే స్టైల్స్ పెట్టె వస్తుంది, దాన్ని మూసేయండి. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్ మీద పనిచేసేవారికి ఇది మరీ ఉపయోగం. పుస్తకం ఫైలు సేవ్ చేసేకొద్దీ ఉబ్బుతూ పోతుంది. అప్పుడప్పుడూ అదే పేరుతో సేవ్ యాజ్ కొడితే సైజు తగ్గుతుంది. పాత ఫైలు మీద రాయమంటారా అని అడుగుతుంది, అవునంటే సరి. ఆ పేరు సరిగ్గా మీరు పనిచేస్తున్న ఫైలుదేనా అని మాత్రం ఎంటర్ కొట్టేముందు చదువుకోండి. పక్క పుస్తకం పేరు సెలెక్ట్ అయి ఉంటే ఆ పుస్తకం పోతుంది. కంట్రోల్ జెడ్ అక్కడ దాన్ని తేలేదు.

ఇప్పుడు మీ ముందున్న కంప్యూటర్లలో వర్డ్ తెరవండి. మౌస్‌ను కీబోర్డు వెనక్కి నెట్టి, ఎఫ్12 కొట్టండి.