సూపర్‌మార్కెట్‌కు సరుకు పంపేవాళ్లకు రూల్స్ తెలియాలి

(హైదరాబాద్ చర్లపల్లిలో చిన్న ఆహార తయారీ యూనిట్ల వాళ్లకు ఏర్పాటు చేసిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పని పక్కనబెట్టి వచ్చారు. మీలో కొందరు డ్రైవర్లను, అకౌంట్స్ చూసే పిల్లలను కూడా వెంటబెట్టుకొచ్చారు. అందుకు ప్రత్యేకంగా థాంక్స్. ఓనర్ ఒక్కరే వచ్చి వింటే ఈ శిక్షణ సగమే పనిచేస్తుంది. ఎందుకో కాసేపట్లో మీకే అర్థమవుతుంది.

2006 నవంబర్‌లో రిలయన్స్ ఫ్రెష్ తన మొదటి దుకాణాలను మన హైదరాబాద్‌లోనే తెరిచింది. అంతకుముందు నుంచే రత్నదీప్ లాంటి మన ఊరి సూపర్‌మార్కెట్లు ఉన్నాయి. బేగంబజార్ హోల్‌సేల్ సేఠ్‌కో, కాలనీ కిరాణా షాపుకో కారప్పొడి, పచ్చళ్లు, మురుకులు ఇచ్చుకుంటూ బతికిన యూనిట్లకు పెద్ద ఆర్డర్లు రావడం అప్పుడే మొదలైంది. మంచిదే. అయితే సేఠ్ డబ్బు ఆపితే కొట్టు ముందు నిలబడి అడిగేవాళ్లం. ఇప్పుడు ఎవరిని అడగాలి? ఆర్డర్ పెట్టే బయ్యర్ ఒకరు, సరుకు దించుకునే వేర్‌హౌస్ వాళ్లు ఇంకొకరు, డబ్బు వేసేవాళ్లు వేరే రాష్ట్రంలో ఎక్కడో. పోర్టల్ తెరిస్తే 'ప్రాసెస్‌లో ఉంది' అని కనిపిస్తుంది. వారం తర్వాత తెరిచినా అదే మాట.

చిన్న యూనిట్ల లెక్కలు చూడటం నా వృత్తి. డబ్బు ఎక్కడ పోతోందో వెతకడం మొదలుపెడితే చాలాసార్లు అన్‌లోడింగ్ దగ్గరే తేలుతుంది. నేను చూసిన ఒక మసాలా యూనిట్ సంగతి చెప్తాను. డ్రైవర్ తెల్లవారకముందే 120 కార్టన్లతో బయల్దేరాడు. వేర్‌హౌస్ గేటు దగ్గర టోకెన్ తీసుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. దించేటప్పుడు మూడు కార్టన్ల మూలలు నలిగాయన్నారు. లోపల ప్యాకెట్లు బాగానే ఉన్నాయి. జీఆర్ఎన్‌లో, అంటే సరుకు అందినట్టు వేర్‌హౌస్ ఇచ్చే రసీదులో, 117 అని కొట్టి, సంతకం పెట్టమన్నారు. పొద్దున్నుంచి టీ తప్ప ఏమీ లేని మనిషి, పెట్టేశాడు. ఆ మూడు కార్టన్లు బండిలోకి తిరిగి రాలేదు, బిల్లులోకీ రాలేదు. నాలుగు నెలల తర్వాత అదే లోడ్ మీద 'షార్టేజ్' పేరుతో ఒకటి, 'ఆలస్యపు డెలివరీ' పేరుతో ఒకటి, రెండు డెబిట్ నోట్లు, అంటే మన బాకీలోంచి కోస్తున్నామని చెప్పే కాగితాలు, వచ్చాయి. ఉదయం 6 గంటలకే గేటు దగ్గర ఉన్న బండికి ఆలస్యం ఎలా వచ్చింది? టోకెన్ చీటీ ఉంటే అడిగేవాళ్లం. డ్రైవర్ దాన్ని పారేశాడు. దాచుకోవాలని అతనికి ఎవరూ చెప్పలేదు. తప్పు అతనిది అనను. నేర్పని మనది.

అందుకే డ్రైవర్లను తీసుకురమ్మన్నాను. ప్రతి లోడ్‌కూ గేటు టోకెన్ ఫొటో, దించేటప్పుడు ఫొటో, జీఆర్ఎన్ ఫొటో. లెక్క తక్కువ రాస్తే సంతకం పక్కనే 'మూడు కార్టన్లు వేర్‌హౌస్‌లోనే ఉన్నాయి' అని తెలుగులో రాసినా చాలు. అదే రోజు ఆఫీసు నుంచి బయ్యర్‌కు ఒక మెయిల్ వెళ్లాలి.

ఇప్పుడు చట్టం సంగతి. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం మనలో చాలామందికి ఉద్యమ్ సర్టిఫికెట్, అంటే ప్రభుత్వం దగ్గర యూనిట్ రిజిస్ట్రేషన్, వరకే తెలుసు. దాంట్లో 15వ సెక్షన్ నుంచి 24వ సెక్షన్ దాకా ఉన్నది మన డబ్బు గురించే. సరుకు తీసుకున్న కంపెనీతో రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు. టర్మ్స్ షీట్ (షరతుల కాగితం) మీద 90 రోజుల క్రెడిట్ అని రాసి, మనం సంతకం పెట్టినా సరే, ఆ 90 చెల్లదు. 24వ సెక్షన్ ఈ రూల్‌కు మిగతా చట్టాల మీద పైచేయి ఇచ్చింది. గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెల నెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు 6 శాతం ఉందనుకోండి, వడ్డీ 18 శాతం. మనం ఓవర్‌డ్రాఫ్ట్ మీద కట్టే దానికంటే ఇది ఎక్కువే.

ఇందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్న విషయం. సరుకు అందిన 15 రోజుల్లోపు కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజునే ఒప్పుకున్నట్టు చట్టం లెక్కిస్తుంది. గడియారం ఆ రోజు నుంచే తిరుగుతుంది. అంటే నాలుగో నెలలో వచ్చిన షార్టేజ్ డెబిట్ నోట్‌ను చూపించి 'వివాదం ఉంది కాబట్టి పేమెంట్ ఆపాం' అనడం అంత తేలిక కాదు. ఇక్కడే మన జీఆర్ఎన్ ఫొటో పనికొస్తుంది. తేదీ లేని కాగితంతో ఈ సెక్షన్ మనకు ఏ సాయమూ చేయదు.

డెబిట్ నోట్ గురించి ఇంకో మాట. జీఎస్టీ కింద బిల్లు విలువ తగ్గించుకునే క్రెడిట్ నోట్ ఇవ్వాల్సింది అమ్మినవాళ్లే, అంటే మనమే. కొన్న కంపెనీ డెబిట్ నోట్ పంపగానే మన అకౌంటెంట్ అమాయకంగా దానికి సరిపడా క్రెడిట్ నోట్ వేసేస్తే, ఆ కోతను చేతులారా ఒప్పుకున్నట్టే అవుతుంది. కారణం, పీఓ (పర్చేజ్ ఆర్డర్) నంబర్, తేదీ, లెక్క అడగకుండా క్రెడిట్ నోట్ వేయకండి. అకౌంట్స్ పిల్లలు ఇది రాసుకోండి. మనకు డబ్బు రాకపోయినా ఆ నెల జీఎస్టీ మనం కట్టేస్తాం కదా. మన బిల్లు 180 రోజుల్లో కట్టకపోతే కొన్న కంపెనీ దాని మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను, అంటే జీఎస్టీ మినహాయింపును, వెనక్కి ఇవ్వాలి. మెయిల్‌లో మర్యాదగా గుర్తు చేయడానికి ఇది పనికొచ్చే పాయింటే.

ఇన్‌కం ట్యాక్స్ వైపు నుంచి కూడా ఒత్తిడి వచ్చింది. 2023 ఫైనాన్స్ చట్టంతో 43బి సెక్షన్‌లో కొత్త క్లాజు చేర్చారు. సూక్ష్మ, చిన్న యూనిట్లకు గడువులో డబ్బు ఇవ్వని కంపెనీ ఆ ఖర్చును ఆ ఏడాది చూపించుకోలేదు, ఇచ్చిన ఏడాదే చూపించుకోవాలి. 2024 మార్చి నెలాఖరులో పాత బాకీలు హఠాత్తుగా అందినవాళ్లు ఈ గదిలోనే ఉన్నారు. వాళ్లు గట్టిగా అడిగినందుకు అందలేదు, కొనుగోలుదారుల ఆడిటర్ అడిగినందుకు అందాయి. ఉద్యమ్ నంబర్ బిల్లు మీద అచ్చు వేయించండి అని పదేపదే చెప్పేది ఇందుకే. సరుకు పంపకముందే రిజిస్ట్రేషన్ ఉండాలి. గొడవ వచ్చాక చేయించుకుంటే పాత బిల్లులకు వర్తిస్తుందా లేదా అన్న వాదనలోనే ఏళ్లు గడుస్తాయి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ రక్షణ తయారీ, సేవల యూనిట్లకే, అవీ సూక్ష్మ, చిన్న తరహా వాటికే. ఇతరుల సరుకు కొని అమ్మే డిస్ట్రిబ్యూటర్లకు 2021 జులైలో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇచ్చారు గానీ, అది బ్యాంకు అప్పుల కోసం మాత్రమే. మీలో రెండు పనులూ చేసేవాళ్లు ఉన్నారు. తయారీ బిల్లులు, ట్రేడింగ్ బిల్లులు విడివిడిగా పెట్టుకోండి.

చట్టం డబ్బు ఆలస్యాన్ని పట్టుకుంది. మిగతా వాటిని పట్టుకోలేదు. మన సరుకును అమ్మకానికి చేర్చుకోవడానికి అడిగే లిస్టింగ్ ఫీజు, ర్యాక్ చివర సరుకు పెట్టినందుకు డబ్బు, మనకు చెప్పకుండా 'ఒకటి కొంటే ఒకటి ఫ్రీ' పెట్టి ఆ ఫ్రీ ఖర్చు మన మీదే వేయడం, వాళ్ల గోడౌన్‌లో మూలన పడి ఎక్స్‌పైరీ అయిన సరుకు మనకు తిప్పి పంపడం. వీటికి ప్రత్యేకమైన కోడ్, అంటే నియమావళి, మన దేశంలో లేదు. 2002 నాటి కాంపిటీషన్ చట్టం ఉంది గానీ, అది మార్కెట్‌లో ఆధిపత్యం నిరూపించమంటుంది. ఒక కారప్పొడి యూనిట్ అమ్మకాల్లో సగం ఒకే చైన్‌కు వెళ్తున్నా, దేశం మొత్తం మార్కెట్ లెక్కలో ఆ చైన్ వాటా చిన్నదే కావచ్చు. మన మెడ మీద ఉన్న బరువు ఆ లెక్కలో కనిపించదు.

బ్రిటన్‌లో ఈ తేడాను గుర్తించారు. అక్కడ 2010 ఫిబ్రవరి నుంచి కిరాణా సరఫరా కోడ్ అమల్లో ఉంది. ఏడాదికి వంద కోట్ల పౌండ్లు దాటిన కిరాణా అమ్మకాలున్న పెద్ద చైన్లకే అది వర్తిస్తుంది. ఒప్పందం రాతలో ఉండాలి. జరిగిపోయిన దానికి వెనక్కి వెళ్లి షరతులు మార్చకూడదు. డబ్బు సమయానికి ఇవ్వాలి. సప్లయర్‌ను జాబితాలోంచి తీసేయాలంటే తగిన నోటీసు ఇవ్వాలి, కారణం చెప్పాలి. కోడ్ ఒక్కటే ఉంటే ఫిర్యాదు చేయడానికి సప్లయర్లు వెనకాడారు. ఉన్న ఆర్డర్ పోతుందన్న భయం అక్కడా ఇంతే. అందుకని 2013లో దీనికోసమే ఒక అధికారిని పెట్టారు. ఫిర్యాదు చేసిన వాళ్ల పేరు వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని చట్టంలోనే రాశారు. 2015 నుంచి టర్నోవర్‌లో ఒక శాతం దాకా జరిమానా వేసే అధికారం కూడా ఇచ్చారు.

మొదటి అధికారి క్రిస్టీన్ టేకన్ అక్కడి పెద్ద సూపర్‌మార్కెట్ చైన్ టెస్కో మీద చేసిన విచారణ 2016 జనవరిలో బయటికొచ్చింది. సప్లయర్లకు ఇవ్వాల్సిన డబ్బును అన్యాయంగా ఆపినట్టు తేలింది. కొందరికి ఏడాది పైనే ఆగింది. జరిమానా అధికారం రాకముందు జరిగినవి కాబట్టి జరిమానా పడలేదు. కానీ ఆమె చేసిన సిఫార్సులు చూడండి. సప్లయర్ బాకీలోంచి ఏకపక్షంగా కోయకూడదు. కోత ప్రతిపాదిస్తే అభ్యంతరం చెప్పడానికి 30 రోజులు ఇవ్వాలి, అభ్యంతరం చెప్తే కోయకూడదు. ధరల్లో తప్పు చూపిస్తే 7 రోజుల్లో సరిచేయాలి. బయ్యర్లకు, ఫైనాన్స్ వాళ్లకు శిక్షణ ఇవ్వాలి. ఆ చివరిది నాకు చాలా నచ్చింది. కోడ్‌లోనే పెద్ద చైన్లు తమ బయ్యర్లకు ఏటా శిక్షణ ఇవ్వాలని ఉంది. టేకన్ సప్లయర్లను కూడా వదల్లేదు. మీరూ నేర్చుకోండి, నేర్చుకుంటేనే అడగగలరు అని వెంటపడ్డారు. కోడ్‌కు సంబంధించిన సమస్య ఎదురైందని చెప్పిన సప్లయర్లు అక్కడి వార్షిక సర్వేలో 2014లో 79 శాతం ఉంటే, 2021 నాటికి 29 శాతానికి తగ్గారు. పూర్తిగా పోలేదు. అయినా ఇది ఎంత ఊరట!

ఆస్ట్రేలియాలో ఇలాంటి కోడ్ మొదట స్వచ్ఛందంగా ఉండేది. 2025 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు. యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన డైరెక్టివ్‌లో త్వరగా పాడయ్యే సరుకుకు 30 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి, అలాంటి ఆర్డర్‌ను చివరి నిమిషంలో రద్దు చేయకూడదు. కొత్తిమీర, పాలకూర తెచ్చే మన రైతులకు ఈ రూల్ ఎంత అవసరమో మీకు చెప్పక్కర్లేదు. ఇలాంటి కోడ్ మనకూ రావాలి, మన సంఘాలు గట్టిగా అడగాలి అని నేను నమ్ముతాను.

వచ్చేదాకా ఏం చేయాలి? మీ మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. 'మేడమ్, అడిగితే రేపు ఆర్డర్ రాదు కదా.' నిజమే, రాకపోవచ్చు. ఆ భయం లేనట్టు మాట్లాడటం నాకు చేతకాదు. పిల్లల ఫీజులు, వర్కర్ల జీతాలు ఆ ఆర్డర్ మీదే ఉన్నాయి. కానీ అడగడంలో మెట్లున్నాయి. మొదటి మెట్టు మెయిల్. రెండోది నెలకోసారి లెక్కలు సరిచూసుకుని ఇంత బాకీ ఉందని బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ రాయించుకోవడం. ఈ రెండింటికీ ఏ బయ్యరూ కోపం తెచ్చుకోడు, ఇవి వ్యాపారంలో మామూలు పనులే. మూడో మెట్టు సంఘం. పది యూనిట్ల సమస్యను పేర్లు లేకుండా ఒకే ఉత్తరంగా సంఘం తరఫున పంపవచ్చు. ఎంఎస్ఎంఈ చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లడం చివరి మెట్టు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తే కౌన్సిల్ ముందు రాజీకి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తి తీర్పు. 90 రోజుల్లో తేల్చాలని చట్టం అంటుంది, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతోంది. తీర్పు మనకు వస్తే మాత్రం, దాన్ని సవాలు చేయాలంటే కంపెనీ ముందు 75 శాతం డబ్బు డిపాజిట్ చేయాలి.

ఒక్క చైన్ మీదే ఆధారపడటం ఎంత ప్రమాదమో బిగ్ బజార్ నడిపిన ఫ్యూచర్ రిటైల్ విషయంలో దేశమంతా చూసింది. 2022 జులైలో దివాలా ప్రక్రియ మొదలైంది, 2024 జులైలో లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే దశకు, వెళ్లింది. అలాంటప్పుడు బ్యాంకుల వరుస ముందు, సరుకు ఇచ్చినవాళ్ల వరుస చాలా వెనుక. బాకీ 45 రోజులు దాటగానే కొత్త లోడ్ ఆపాలా వద్దా అన్నది సంవత్సరం మొదట్లోనే కూర్చుని నిర్ణయించుకోండి. ఆర్డర్ చేతిలో ఉన్న రోజు ఆ నిర్ణయం తీసుకోలేం.

ఇక మాటలు చాలు. మీరు తెచ్చిన టర్మ్స్ షీట్లు తీయండి. ఓనర్లు పేమెంట్ క్లాజు, ప్రమోషన్ క్లాజు, రిటర్న్ క్లాజు ఈ మూడింటి కింద పెన్సిల్‌తో గీత గీయండి. అకౌంట్స్ చూసేవాళ్లు పోయిన మూడు నెలల డెబిట్ నోట్లు తీసి, కారణం రాయనివి ఒక కట్టగా పెట్టండి. డ్రైవర్ అన్నలు కిటికీ పక్క టేబుల్‌కు రండి. ఒక ఖాళీ జీఆర్ఎన్ తెచ్చాను, దాని మీద ఏం చూడాలో, ఎక్కడ ఏం రాయాలో మీతోనే మొదలుపెడదాం.