అల్ ఐన్‌లో ఒక్క రోజు ఉంటే సగం రోజు ఖర్జూర తోటకే ఇవ్వండి

అందరికీ నమస్కారం. దుబాయ్, షార్జా, అబుదాబిలో ఉండే తెలుగువాళ్లు నన్ను తరచూ అడుగుతారు: "సెలవు ఒక్క రోజే ఉంది, స్నేహితులతో ఎక్కడికి వెళ్లమంటారు?" నా జవాబు ఎప్పుడూ అల్ ఐన్, యూఏఈలోనే ఒమన్ సరిహద్దు పక్కనున్న ఊరు. ఫిబ్రవరి చివరి శనివారం నలుగురం కలిసి వెళ్లాం. ఆ ఊళ్లో కోటలు, కొండ, పురాతన సమాధులు అన్నీ ఉన్నాయి. నన్ను కట్టిపడేసింది మాత్రం ఖర్జూర తోట. ఈ వీడియోలో ఎక్కువసేపు అక్కడే ఉంటాను.

దుబాయ్ నుంచి సుమారు 150 కిలోమీటర్లు. E66 రహదారి ఎక్కితే గంటన్నర ప్రయాణం. అబుదాబి నుంచి కూడా దూరం దాదాపు అంతే. కారు లేనివాళ్లకు దుబాయ్ అల్ ఘుబైబా బస్ స్టేషన్ నుంచి బస్సులున్నాయి. దారిలో కిటికీలోంచి చూస్తూ ఉండండి, అల్ ఐన్ దగ్గర పడేకొద్దీ ఇసుక ఎర్రబడుతుంది. వీలైతే తెల్లవారకముందే బయలుదేరండి.

ఇప్పుడు మీరు చూస్తున్నది అల్ ఐన్ ఒయాసిస్సు. ప్రవేశం ఉచితం. ఊరి నడిబొడ్డున ఉంది, బయట మామూలుగా కార్లు తిరుగుతుంటాయి. లోపలికి నాలుగడుగులు వేయగానే ఎండ తగ్గి ఒంటికి చల్లగాలి తగులుతుంది. దారికి రెండు పక్కలా తక్కువ ఎత్తు గోడలు, వాటి వెనక తోటలు. లక్షా 47 వేల ఖర్జూర చెట్లు ఉన్నాయని అధికారిక లెక్క. పైన ఖర్జూరం గొడుగు పడుతుంది, ఆ నీడలో మామిడి, నిమ్మ, అంజూర, వాటి కింద పశువుల మేత. ఒకే నేలలో, ఒకే తడికి మూడు అంతస్తుల పంట. ఎడారిలో వ్యవసాయం చేయాలంటే ముందు నీడను పండించాలని ఇక్కడివాళ్లు వేల ఏళ్ల కిందటే గ్రహించారు.

ఈ కాలువను దగ్గరగా చూడండి. దీన్ని ఫలజ్ అంటారు. ఈ ఊరు ఇక్కడ ఎందుకు ఉందో తెలియాలంటే దీన్ని అర్థం చేసుకోవాలి. కొండ వాలులో నీటి మట్టం తగిలేదాకా మొదటి బావి తవ్వుతారు. అక్కడి నుంచి ఊరి వైపు నేల అడుగున సొరంగం తీస్తారు. వాలు అతి స్వల్పంగా ఉండాలి. ఎక్కువైతే నీళ్లు వేగంగా పారి సొరంగాన్ని కోసేస్తాయి, తక్కువైతే మట్టి పేరుకుపోతుంది. లోపలి మట్టి తీయడానికి, గాలి ఆడడానికి మధ్యమధ్యలో నిలువు గోతులు. మోటారు లేకుండా, నీరు ఎండకు ఆవిరి కాకుండా, తనంతట తానే పారి తోట దగ్గర పైకి వస్తుంది. ఇక్కడి హిలీ ప్రాంతంలో బయటపడిన ఫలజ్ వయసు దాదాపు 3,000 ఏళ్లు. హైదరాబాద్ నుంచి చూసేవాళ్లకు ఒక మాట: ఇలాంటి సొరంగ కాలువలే బహమనీల కాలంలో బీదర్‌లో తవ్వారు. అక్కడ కరేజ్ అంటారు, ఇప్పటికీ చూడవచ్చు.

నీళ్లు వచ్చాక అసలు చిక్కు పంపకంలో మొదలవుతుంది. ఎవరి మడికి ఎంతసేపు వదలాలో వంతులుండేవి. పగలు నీడను బట్టి, రాత్రి నక్షత్రాలను బట్టి కాలం లెక్కపెట్టేవారు. 1946లో షేక్ జాయెద్ ఈ ప్రాంత పాలన చేపట్టేసరికి నీటి హక్కులు చాలావరకు పలుకుబడి ఉన్న కుటుంబాల చేతుల్లో ఉండేవి, చిన్న రైతులు నీళ్లు కొనుక్కోవాల్సి వచ్చేది. ఆయన పూడిపోయిన కాలువలు బాగు చేయించారు, ఆ పద్ధతిని మార్చి నీళ్లు అందరికీ అందేలా చేశారు. అదే మనిషి 1971లో ఈ దేశానికి మొదటి అధ్యక్షుడయ్యారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఈ కాలువ గట్టు మీదే.

ఒక నిజం కూడా చెప్పాలి. భూగర్భ జలం బాగా కిందికి పోయింది. ఇప్పుడు ఈ కాలువల్లో పారేది చాలావరకు మోటార్లతో తోడిన నీరు. చూస్తే బాధ కలుగుతుంది. అయినా కాలువలను ఎండబెట్టకుండా, తోటను ఇళ్ల స్థలాలుగా మార్చకుండా కాపాడుకుంటున్నారు, అది చిన్న సంగతి కాదు. 2011లో అల్ ఐన్ సాంస్కృతిక స్థలాలకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఈ దేశానికి అదే మొదటిది.

మేము వెళ్లేసరికి ఖర్జూరాల పూత కాలం. నడుము చుట్టూ, చెట్టు చుట్టూ తాడు వేసుకుని ఒకాయన పైకి ఎక్కుతున్నారు, అచ్చం మన గీత కార్మికుల మోకులాగే. మాలో ఒకరిది నల్గొండ జిల్లాలో తాటిచెట్లు గీసే కుటుంబం. తను ఇక ఆగలేదు.

"భాయ్, కాయలే లేవు కదా, ఎందుకు ఎక్కుతున్నారు?" అని హిందీలో అడిగాడు.

ఆయన పాకిస్తాన్ నుంచి వచ్చారట. కిందికి దిగి ఓపిగ్గా చెప్పారు. ఖర్జూరంలో మగ చెట్లు వేరు, ఆడ చెట్లు వేరు. మగ పూరెమ్మలు కోసి, అప్పుడే విచ్చుకున్న ఆడ పూగుత్తిలో చేత్తో పెట్టాలి. కొన్ని రోజులు ఆలస్యమైతే కాయ సరిగా పట్టదు. ఒక్క మగ చెట్టు పుప్పొడి పదుల కొద్దీ ఆడ చెట్లకు సరిపోతుంది. ఆయన అనుమతి తీసుకునే ఈ దృశ్యం తీశాను. మీరు కూడా అడిగిన తర్వాతే కెమెరా ఎత్తండి, వాళ్లు పనిలో ఉన్నారు.

మధ్యాహ్నం మండి (అరబ్బుల అన్నం, మాంసం వంటకం) తిని అల్ జాహిలీ కోటకు వెళ్లాం. 1890లలో కట్టిన మట్టి ఇటుకల కోట ఇది. ఆ గుండ్రటి బురుజు తప్పకుండా చూడండి. 1940లలో రబ్ అల్ ఖాలీ ఎడారిని ఒంటెల మీద దాటిన బ్రిటిష్ యాత్రికుడు విల్‌ఫ్రెడ్ థెసిగర్ ఫొటోల ప్రదర్శన లోపల ఉంది. హిలీ పార్కులో సుమారు 4,000 ఏళ్ల నాటి రాతి సమాధి ఉంది, దాని ద్వారం మీద మనుషుల బొమ్మలు, ఒరిక్స్ జింకల బొమ్మలు చెక్కారు. పిల్లలతో వెళ్తే అది వదలవద్దు.

ఇక జెబెల్ హఫీత్ కొండ. 1,200 మీటర్లకు పైగా ఎత్తు, మెలికలు తిరిగే చక్కటి రోడ్డు. చాలామంది అల్ ఐన్ అంటే ఇదే అనుకుని నేరుగా పైకి వెళ్లి, ఫొటోలు దిగి తిరిగి వెళ్లిపోతారు. నాకు అది అన్యాయం అనిపిస్తుంది. సెలవు రోజు సాయంత్రం పైన రద్దీ కూడా ఎక్కువ. సమయం మిగిలితేనే ఎక్కండి. కింద వేడి నీటి బుగ్గలు ఒక్క రోజు ప్రయాణంలో వదిలేసినా పర్వాలేదు. పక్కనున్న బురైమీ ఒమన్ దేశానిది, వీసా చూసుకోకుండా అటు బయలుదేరవద్దు.

నవంబరు నుంచి మార్చి దాకా హాయిగా నడవవచ్చు. పెద్దవాళ్లను కూడా తీసుకెళ్లండి, తోటలో దారులు చదునుగా, నీడగా ఉంటాయి. అల్ ఐన్‌లో ఉంటున్న తెలుగువాళ్లు ఈ వీడియో చూస్తుంటే నాకొక సహాయం చేయండి. ఈ ఊళ్లోనే ఉన్న జీమీ, కత్తారా ఖర్జూర తోటల్లో మడులకు నీళ్లు ఏ రోజు, ఏ వేళ వదులుతారో కింద రాయండి. ఆ వేళకు అక్కడ ఉండేలా ఈసారి బయలుదేరతాను.