గిన్నెలోంచి తీసిన సీటు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదవమని కాగితం ఇచ్చారు. వాళ్లందరి మీదా గౌరవం ఉంది. కానీ నాకున్నవి పది నిమిషాలే, ఏమీ అనుకోకండి.

అమెరికా ఎన్నికల్లో పౌరులు, పార్టీలు, మీడియా పాత్ర గురించి మాట్లాడమన్నారు. అధ్యక్షుణ్ని ఎన్నుకునే ఎలక్టోరల్ కాలేజీతో మొదలుపెడదామనుకున్నాను. ఇందాక కాఫీ దగ్గర ఒక తమ్ముడు, ‘అన్నా, మనం ఎంతమందిమని? మన ఓటుతో ఏమవుతుంది?’ అన్నాడు. సిటిజన్‌షిప్ వచ్చి ఏడాదైంది, ఇంకా ఓటరుగా నమోదు కాలేదు. అందుకే రాసుకొచ్చింది పక్కన పెట్టేస్తున్నాను.

వర్జీనియా రాజధాని, మనం కూర్చున్న ఈ రిచ్‌మండ్‌లోనే, 2018 జనవరి 4న, ఎన్నికల బోర్డు వాళ్లు ఒక నీలం తెలుపు పింగాణీ గిన్నె తెచ్చిపెట్టారు. పాత కెమెరా రీళ్లు వచ్చే చిన్న డబ్బాలు గుర్తున్నాయా? అలాంటివి రెండు. ఒకదాంట్లో రిపబ్లికన్ డేవిడ్ యాన్సీ పేరున్న చీటీ, ఇంకోదాంట్లో డెమొక్రాట్ షెల్లీ సైమండ్స్ పేరున్న చీటీ. గిన్నెలో వేసి, కలిపి, ఒకటి తీశారు. యాన్సీ పేరొచ్చింది. వర్జీనియా రాష్ట్ర దిగువ సభలో న్యూపోర్ట్ న్యూస్ ప్రాంతపు 94వ జిల్లా (అంటే నియోజకవర్గం) సీటు అలా తేలింది!

ఎందుకంటే ఇద్దరికీ 11,608 ఓట్లే. 2017 నవంబరులో మొదట యాన్సీ పది ఓట్లతో ముందున్నారు. డిసెంబరు రీకౌంటులో సైమండ్స్ ఒక్క ఓటుతో గెలిచారు. మర్నాడు ముగ్గురు జడ్జీల ముందుకు ఒక బ్యాలెట్ వచ్చింది. అందులో ఇద్దరి పేర్ల పక్కనా గుండ్రాలు నింపి, సైమండ్స్ గుండ్రం మీద ఒక గీత కొట్టి ఉంది. అది యాన్సీ ఓటేనన్నారు. సమం! ఎవరో ఒక ఓటరు, పెన్నుతో గీసిన ఒక్క గీత. ఆ గీత నాకు ఇప్పటికీ కళ్ల ముందు కనబడుతుంది.

ఆ సీటుతో వంద సీట్లలో 51 దక్కి ఆ సభ రిపబ్లికన్ల చేతిలోనే ఉండిపోయింది. సైమండ్స్ గెలిచి ఉంటే 50–50. అంతకుముందు రిపబ్లికన్లకు 66 ఉండేవి. అంత బలం ఉన్నప్పుడు ఏళ్ల తరబడి ఒప్పుకోని మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) విస్తరణ, బలం 51కి పడ్డాక ఆ 2018లోనే పాసైంది, వాళ్లలో కొందరి ఓట్లతోనే. దాదాపు 4 లక్షల మందికి వైద్యం అందే చట్టం. ఓట్లు పార్టీలను ఇలా కదిలిస్తాయి.

ఇక మీడియా. గిన్నె రోజు కెమెరాలు బోలెడన్ని వచ్చాయి. నాకు ముఖ్యం ఆ కెమెరాలు కాదు. కొన్ని నెలల తర్వాత వాషింగ్టన్ పోస్ట్ ఒక వార్త రాసింది: ఆ జిల్లాలో 26 మంది ఓటర్లను పొరపాటున పక్క జిల్లాలో చేర్చారు. ఒక్క ఓటు తేడా లేని చోట 26 మంది! అడ్రసులు పట్టుకుని వెతికే విలేఖరి లేకపోతే ఇది మనకు తెలిసేదా? మీ ఊరి పేపరుకు చందా కట్టండి. వాట్సాప్ ఫార్వర్డులు ఈ పని చేయవు.

ఇంకొక్క మాట. గ్లెన్ అలెన్, షార్ట్ పంప్ వాళ్లు వినాలి. 2014 జూన్‌లో మీ దగ్గరే ఎరిక్ క్యాంటర్ రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నికలో, ఓడిపోయారు. వాషింగ్టన్‌లోని దేశ ప్రతినిధుల సభలో స్పీకర్ తర్వాత స్థానం ఆయనది. డబ్బు ఆయనదే, సర్వేలు ఆయనవే. రేడియో టాక్ షోల వాళ్లు మాత్రం ఆయన మీద పోటీ చేసిన డేవిడ్ బ్రాట్‌ని భుజాన మోశారు. ఏడు లక్షలకు పైగా జనమున్న జిల్లాలో ఓటేసింది 65 వేలమంది. అభ్యర్థి ఎవరన్నది అక్కడే తేలిపోయింది. వర్జీనియాలో ప్రైమరీకి పార్టీ సభ్యత్వం అక్కర్లేదు, ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు. మనవాళ్లు అభ్యర్థులకు విందులిస్తారు, ఫొటోలు దిగుతారు, ప్రైమరీ జరిగే జూన్‌లో మాత్రం ఇల్లు కదలరు. నాకు బాధ అక్కడే.

తమ్ముడూ, ఎక్కడ కూర్చున్నావు? తలుపు పక్కన బల్ల మీద నమోదు ఫారాలున్నాయి, పెన్నులూ ఉన్నాయి. సిటిజన్‌షిప్ వచ్చినవాళ్లంతా నింపండి. ఇప్పటికే నమోదైనవాళ్లు మీ అడ్రసు ఏ జిల్లాలో పడిందో ఫోన్లో చూసుకోండి. భోజనాలకు ఇంకా ఇరవై నిమిషాలుంది. నేను ఆ బల్ల దగ్గరే ఉంటాను.