ఆ రోజు డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది?

సభాధ్యక్షులకు, సంఘం కార్యదర్శి గారికి, వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న నా పాత సహోద్యోగులకు, వెనక ఫ్యాను కింద చోటు చూసుకుంటున్న వాళ్లకు, అందరికీ నమస్కారం. పెన్షనర్ల సంఘం వార్షిక సమావేశానికి పిలిచినందుకు సంతోషం. కార్యదర్శి గారు నన్ను పరిచయం చేస్తూ నాలుగు మంచి మాటలు చెప్పారు. అందులో రెండు నిజమే. మిగతా రెండింటికి ఆయనకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

ఆహ్వాన పత్రంలో నా విషయం ‘విశ్రాంత జీవితంలో ఆర్థిక ప్రణాళిక’ అని వేశారు. అది చెప్పడానికి టీవీలో పొద్దున్నే టై కట్టుకున్న కుర్రాళ్లు వస్తారు, వాళ్లు నాకంటే బాగా చెప్తారు. నేను ఆ ప్రణాళికల్లో ఎక్కడా కనిపించని ఒకే ఒక్క రోజు గురించి మాట్లాడతాను. మనం పోయే రోజు. అదిగో, మూడో వరసలో అమ్మ చెవులు మూసుకుంటున్నారు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని నాకూ తెలుసమ్మా. నేను అనకపోతే మాత్రం మనల్ని మరిచిపోతారా?

ఉద్యోగం చివరి ఏళ్లలో నాకు బ్యాంకులో చనిపోయిన ఖాతాదారుల క్లెయిములు చూసే సీటు ఇచ్చారు. ఆ సీటు ఎవరూ అడిగి తీసుకోరు. వచ్చేవాళ్లంతా ఒకే రకం ప్లాస్టిక్ కవరు పట్టుకొచ్చేవాళ్లు. అందులో పాస్‌బుక్కు, బీమా రసీదులు, ఎప్పటిదో కరెంటు బిల్లు, నాలుగు మడతల ఆధార్ జిరాక్సు అన్నీ కలిపి కుక్కి ఉండేవి. ఏది పనికొస్తుందో తెలియక అన్నీ తెచ్చేవాళ్లు. నేను టేబుల్ మీద పరిచి ఏరేదాన్ని. ఏరుతూ ఒక ప్రశ్న అడిగేదాన్ని, అది ఏ ఫారంలోనూ లేదు: “కార్యక్రమాలకు డబ్బు ఎవరు పెట్టారమ్మా?” దాదాపు ప్రతిసారీ అప్పు అనే జవాబు వచ్చేది. ఖాతాలో లక్షలుండగా అప్పు!

ఇక్కడే నేను చెప్పదలచుకున్నదంతా ఉంది. ఆ రోజు డబ్బు పెట్టే మనిషి వేరు, తర్వాత డబ్బు అందుకునే మనిషి వేరు. మన ప్లానింగ్ మొత్తం ఆ రెండో మనిషి కోసమే. బీమా పాలసీ, ఫిక్స్‌డ్ డిపాజిట్, పీఎఫ్, అన్నీ కాగితాలు పెట్టుకున్నాక వచ్చేవే. ఉద్యోగంలో ఉండగా పోతే పీఎఫ్‌కు అనుబంధంగా ఉండే ఈడీఎల్ఐ బీమా కింద 7 లక్షల దాకా వస్తుంది, మీ పిల్లలకు ఈ సంగతి చెప్పండి. జీవనజ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు కడితే 2 లక్షలు ఇస్తుంది, అందులో 50 ఏళ్లు దాటకముందే చేరాలి. మంచివే. కానీ ఏదీ ఆ రాత్రి రాదు. ఆ రాత్రి అంబులెన్సు అతనికి, ఫ్రీజర్ బాక్సు అతనికి, కట్టెలకు, కాటి దగ్గర పనివాళ్లకు ఎవరో ఒకరు జేబులోంచి తీసి ఇవ్వాలి.

మా పెద్దన్నయ్య సంగతి చెప్తాను. క్లుప్తంగానే చెప్తాను. కార్యదర్శి గారు అప్పుడే వాచీ చూస్తున్నారు.

అన్నయ్య లెక్కల మనిషి. ప్రతి డిపాజిట్‌కూ నంబరు, గడువు తేదీ రాసి పెట్టుకునేవాడు. శనివారం రాత్రి ఆసుపత్రిలో పోయాడు. మర్నాడు ఆదివారం. మా వదిన చేతిలో ఆయన పర్సు పెట్టారు, అందులో ఏటీఎం కార్డు ఉంది. పిన్ నంబరు ఆమెకు తెలియదు. పిల్లలు ఒకరు విమానంలో, ఒకరు వీసా గొడవలో. మేము దారిలో ఉన్నాం. అప్పుడు కదిలింది ఎవరంటే, పై పోర్షన్‌లో అద్దెకుండే కుర్రాడు. బంధువు కాదు, కులం కాదు, మా ఊరూ కాదు. ఆసుపత్రి మిగులు బిల్లు, అంబులెన్సు, బాక్సు, షామియానా, కుర్చీలు, పూలు, కట్టెలు అన్నీ తన ఫోన్‌లోంచి, తన స్నేహితుల ఫోన్లలోంచి కట్టాడు. గీతల నోటుబుక్కులో ఒక పేజీ తీసి ఎవరికి ఎంతో రాశాడు. ఆ పేజీ నేను చూశాను. కింద మొత్తం వేసి, దాని పక్కన చిన్న అక్షరాలతో ‘ఆటో రాయలేదు’ అని పెట్టాడు.

పదో రోజు దాటాక లెక్క తేల్చడానికి కూర్చున్నాం. మా బంధువుల్లో ఒక పెద్దమనిషి, పేరెందుకు, కళ్లజోడు పెట్టుకుని ఆ పేజీ చూసి “వీటికి బిల్లులేవీ?” అన్నాడు. కాటికాపరి జీఎస్టీ బిల్లు ఇస్తాడా నాయనా? “పూలకు ఇంత ఎందుకు? ఎవరు తెమ్మన్నారు?” అని ఇంకో ప్రశ్న. ఆ కుర్రాడు తల వంచుకుని నిలబడ్డాడు, ఏదో దొంగతనం చేసినట్టు. డిపాజిట్ల క్లెయిము తేలాక ఇద్దామన్నారు. నేను నా దగ్గరున్నది ఇవ్వబోతే “మధ్యలో నువ్వెందుకు, ఆస్తిలోంచి వెళ్తుందిగా” అని ఆపారు. క్లెయిముకు నెలలు పట్టింది. ఈలోగా అతను వేరే ఊళ్లో ఉద్యోగం దొరికి ఇల్లు ఖాళీ చేశాడు. చివరికి డబ్బు పంపారు, పూల లెక్క తీసేసి. పూల లెక్క తీసేసి పంపారండీ! అన్నయ్య ఉండుంటే ఆ పెద్దమనిషిని గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు.

సరే, కోపం దిగమింగుకుని చట్టం దగ్గరికి వస్తాను. భారత వారసత్వ చట్టం 1925 నాటిది. అందులో 320వ సెక్షన్ ఏమంటుందంటే, పోయిన మనిషి ఆస్తిలోంచి అన్ని అప్పుల కంటే ముందు తీర్చాల్సింది ఆ మనిషి స్థాయికి తగ్గ సహేతుకమైన అంత్యక్రియల ఖర్చు, మరణశయ్య మీద ఉన్నప్పటి వైద్యం ఖర్చు, చివరి నెల బస, భోజనం ఖర్చు. తాకట్టు లేని బ్యాంకు అప్పు కూడా దాని వెనకే. వందేళ్ల కిందటే చట్టం రాసినవాళ్లకు ఉన్న ఇంగితం మా ఇంట్లో ఆ పెద్దమనిషికి లేకపోయింది. కార్మికుల బీమా పథకం ఈఎస్ఐలో కూడా చూడండి, అందులో ఉన్న కార్మికుడు పోతే అంత్యక్రియలకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. ఇంటి పెద్దకు ఇస్తారు, ఆ కార్మికుడికి కుటుంబం లేకపోతే, లేదా కుటుంబానికి దూరంగా ఉంటే, ఖర్చు ఎవరు పెట్టారో వాళ్లకే ఇస్తారు. మూడు నెలల్లోపు అడగాలి. పక్కింటివాడైనా సరే, పెట్టినవాడికే!

మరి చేయాల్సింది ఏమిటి? మీ కర్మకాండలకు ఎంతవుతుందో మీ చుట్టుపక్కల ఈమధ్య జరిగిన ఇంట్లో అడిగి తెలుసుకోండి, మొహమాటం వద్దు. అంత మొత్తం, దానికి తోడు ఒక నెల ఇల్లు గడవడానికి కావలసింది, ఒక ప్రత్యేక సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఆ ఖాతా జాయింటుగా, ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో ఉండాలి. అంటే ఇద్దరిలో ఎవరైనా తీయొచ్చు, ఒకరు పోతే రెండోవారు తీయొచ్చు. రెండో పేరు ఎవరిదంటే, ఆ రోజు నిజంగా పరిగెత్తే మనిషిది. అమెరికాలో ఉన్న పెద్దబ్బాయిది గౌరవానికి పెట్టకండి. ఆ రెండో మనిషికి తన పేరు మీద వేరే కార్డు, తన ఫోన్‌కు మెసేజీలు వచ్చేలా ఏర్పాటు ఉండాలి.

చాలామంది పిన్ నంబరు చెప్పేసి ఊరుకుంటారు. అది సరిపోదు. ఒక్కరి పేరునే ఉన్న ఖాతాలోంచి, మనిషి పోయాక కార్డుతో డబ్బు తీయడం సరైన పద్ధతి కాదు. బ్యాంకుకు తెలిసిన క్షణం ఖాతా ఆపేస్తారు, తర్వాత వారసుల్లో ఎవరైనా స్టేట్‌మెంట్ తీసి ‘చచ్చిన రాత్రి రెండున్నరకు నువ్వు తీశావు’ అంటే జవాబు ఉండదు. ఆ స్టేట్‌మెంట్లు పట్టుకుని నా టేబుల్ ముందు అన్నదమ్ములు అరుచుకున్నారు. ఇంకో మాట, ఫిక్స్‌డ్ డిపాజిట్ జాయింటుగా ఉన్నా, ఒకరు పోయాక గడువుకు ముందే రెండోవారు తీసుకోవచ్చని మీరు ముందుగా రాసి ఇచ్చి ఉండాలి. డిపాజిట్ ఫారంలో ఆ గడి ఉంటుంది. ఎవరూ చూడరు.

నామినీ సంగతి. ఇక్కడ చేతులెత్తండి, మీ ప్రతి ఖాతాకూ నామినీ ఎవరో ఇప్పుడు చెప్పగలిగిన వాళ్లు? ...ఊఁ. దించండి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాలో అమ్మ పేరు ఉంటుంది, ఆవిడ పోయి ఇరవై ఏళ్లవుతుంది. బ్యాంకు డిపాజిట్లకు ఇంతకుముందు ఒక్క నామినీనే రాయనిచ్చేవాళ్లు, 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా రాయొచ్చు, ఎవరికి ఎంత వాటా అన్నది కూడా. నామినీ గానీ, జాయింటుదారు గానీ ఉంటే బ్యాంకు వారసత్వ ధ్రువపత్రం కోసం కోర్టుకు పంపకూడదు, కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో తేల్చాలి. ఇది రిజర్వు బ్యాంకు మాట. కౌంటర్‌లో కుర్రాడు కాదంటే మేనేజరు దగ్గరికి వెళ్లి ఈ మాట గట్టిగా చెప్పండి.

అయితే నామినీ అంటే యజమాని కాదు. బీమా డబ్బు విషయంలో సుప్రీంకోర్టు 1983లోనే ఈ మాట చెప్పింది, షేర్ల విషయంలో 2023 డిసెంబరులో మళ్లీ చెప్పింది. బీమాలో 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు నామినీలైతే ఆ డబ్బు మామూలుగా వాళ్లదే. మిగతా చోట్ల నామినీ అందుకుని వారసులకు పంచాల్సిన మనిషి. ఎవరికి ఏది చెందాలో చెప్పేది వీలునామా. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిదే. తెల్ల కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, వాళ్ల సంతకాలు తీసుకుంటే చాలు. ఆస్తి దక్కేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. ఆ వీలునామాలోనే ఒక్క వాక్యం రాయమంటాను: ‘నా అంత్యక్రియలకు ఎవరు ఖర్చు పెట్టినా, వాళ్లు రాసిన లెక్క ప్రకారం ముందుగా వాళ్లకు ఇవ్వాలి, బిల్లులు అడగరాదు.’ నేను నాది అలాగే రాశాను. ‘పూలతో సహా’ అని కూడా రాశాను.

మరణ ధ్రువపత్రం గురించి రెండు ముక్కలు. 21 రోజుల్లో నమోదు చేయించాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోతుంది. ఆసుపత్రి డాక్టరు ఇచ్చే కారణాల కాగితం వేరు, రిజిస్ట్రారు ఇచ్చే ధ్రువపత్రం వేరు. పేరు ఆధార్‌లో ఒకలా, పాస్‌బుక్కులో ఒకలా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా ఉన్నందుకు ‘ఇద్దరూ ఒకరే’ అని అఫిడవిట్లు చేయించుకున్న విధవరాళ్లను లెక్కలేనంతమందిని చూశాను.

ఇక ఎలా పోవాలన్నది. నవ్వకండి, దానికీ కాగితం ఉంది. ముంబైలో అరుణా షాన్‌బాగ్ అనే నర్సు 1973లో దాడికి గురై 2015 దాకా ఆసుపత్రి మంచం మీదే ఉండిపోయింది. ఆమె కేసు తర్వాత 2018 మార్చి 9న సుప్రీంకోర్టు, కోలుకునే ఆశ లేని స్థితిలో యంత్రాలు వద్దని మనిషి ముందే రాసి పెట్టుకోవచ్చని తీర్పు ఇచ్చింది. మొదట మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు, దాదాపు ఎవరూ వెళ్లలేదు. 2023 జనవరిలో దాన్ని సడలించి, ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ చాలన్నారు. ఐసీయూ బిల్లు కోసం ఇల్లు అమ్ముకున్న కుటుంబాలు ఈ హాల్లో ఉన్నాయని నాకు తెలుసు, వాళ్ల పేర్లు చెప్పను. ఆ కాగితం ఖర్చు తగ్గించడానికి రాసేది కాదు. కానీ పిల్లల్లో ఎవరూ ‘నేనే ఆపమన్నాను’ అనే భారం మోయకుండా చేస్తుంది.

కళ్లు ఇచ్చేవాళ్లు ఉంటే, ఆరు గంటల్లోపే తీయాలి. ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, తడి దూది పెట్టమని ఇంట్లో వాళ్లకు చెప్పి ఉంచండి. దేహం వైద్య కళాశాలకు ఇద్దామనుకున్నా సంతకం ఒక్కటే చాలదు, ఫోన్ చేయాల్సింది మీ ఇంటివాళ్లే. సీతారాం ఏచూరి గారు 2024 సెప్టెంబరులో పోయినప్పుడు ఆయన కుటుంబం ఢిల్లీ ఎయిమ్స్‌కు దేహాన్ని అప్పగించింది. కుటుంబం ఒప్పుకోకపోతే ఎంత పెద్దవారి కోరికైనా ఆగిపోతుంది. అందుకే అందరినీ కూర్చోబెట్టి చెప్పండి, పండక్కి వచ్చినప్పుడు చెప్పినా ఫర్వాలేదు.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. దాంతోపాటు ప్రశ్నల చీటీలు కూడా రెండు వచ్చాయి, అవి చదివి దిగిపోతాను.

మొదటిది: ‘జాయింటు పెట్టినవాళ్లు నేను బతికుండగానే డబ్బు తీసేసుకుంటే?’ న్యాయమైన అనుమానం. తీసుకోగలరు, బ్యాంకు ఆపదు. అందుకే మీ డిపాజిట్లన్నీ ఆ ఖాతాలో పెట్టమనలేదు. ఆ ఒక్క రోజుకూ ఆ ఒక్క నెలకూ సరిపడా మాత్రమే వేయండి. అది కూడా తినేసే మనిషైతే, ఆ పేరు తీసేసి పై పోర్షన్‌లో ఎవరున్నారో చూసుకోండి.

రెండోది ఆడవాళ్ల చేతిరాతలా ఉంది. ‘మా ఆయన ఇవేవీ నాతో చెప్పరు, అడిగితే కోప్పడతారు.’ అమ్మా, ఆయన కూడా ఈ హాల్లోనే ఉన్నారు కదా? భోజనాలయ్యాక ఇద్దరూ నా దగ్గరికి రండి. నామినేషన్ ఫారాలు నా సంచిలో ఉన్నాయి, నేనే అడుగుతాను.