ఆ రాత్రి వచ్చిందెవరు? సెలూ స్కౌట్స్‌పై స్టూడియో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ మన చర్చ జింబాబ్వే గురించి. ఆ దేశం పేరు రొడీషియాగా ఉన్న రోజుల్లో, 1970లలో సాగిన అడవి యుద్ధంలో సెలూ స్కౌట్స్ అనే దళం పనిచేసింది. కొందరికి వాళ్లు గొప్ప వీరులు. జింబాబ్వే పల్లెల్లో ఆ పేరంటే ఇప్పటికీ భయం, అసహ్యం. స్టూడియోలో ఆఫ్రికా చరిత్ర బోధించే ప్రొఫెసర్ గారు, రిటైర్డ్ కర్నల్ గారు, హక్కుల కేసులు వాదించే లాయర్ గారు ఉన్నారు. మేడమ్, ముందు మీరు చెప్పండి. ఎవరు ఎవరితో పోరాడారు?

ప్రొఫెసర్: నల్లజాతి మెజారిటీకి అధికారం ఇవ్వడం ఇష్టంలేక ఇయాన్ స్మిత్ ప్రభుత్వం 1965 నవంబర్ 11న బ్రిటన్‌ను కాదని స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. తెల్లవాళ్లు రెండున్నర లక్షల దాకా ఉంటే, నల్లవాళ్లు వాళ్లకు ఇరవై రెట్లు. అయినా 1969 చట్టం భూమిలో దాదాపు సగం తెల్లవాళ్లకే రాసిచ్చింది. గొడవంతా అక్కడే. తర్వాత ముగాబే నాయకుడైన జాను పార్టీ గెరిల్లాలు మొజాంబిక్ వైపు నుంచి, న్‌కోమో పార్టీ జాపు గెరిల్లాలు జాంబియా వైపు నుంచి వచ్చేవారు. 1972 డిసెంబర్‌లో ఈశాన్యాన ఒక తెల్ల రైతు ఫామ్ మీద జరిగిన దాడితో యుద్ధం ముదిరింది. అప్పటికి గెరిల్లాలు పల్లెల్లో కలిసిపోయారు. సైన్యానికి కబురు చెప్పేవాడే దొరకలేదు.

వ్యాఖ్యాత: అప్పుడు ఈ దళం పుట్టింది. కర్నల్ గారూ?

కర్నల్: 1973 చివర్లో. కమాండర్ రాన్ రీడ్-డేలీ, మలయా అడవుల్లో కమ్యూనిస్టులతో పోరాడి వచ్చినవాడు. బయటికి మాత్రం జాడ తీసే ట్రాకర్ల యూనిట్ అని చెప్పారు. అసలు పని వేషం. గెరిల్లాల బట్టలు, గెరిల్లాల ఏకే రైఫిళ్లు, వాళ్ల పాటలు, వాళ్ల సంకేతాలు. ఊరికి వెళ్లి మేం ఫలానా దళం అని చెప్పి, అసలు దళం ఎక్కడుందో కూపీ లాగేవారు. తర్వాత హెలికాప్టర్లలో వేరే దళం వచ్చి పని పూర్తి చేసేది. కెన్యాలో మౌ మౌ తిరుగుబాటు మీద బ్రిటిష్‌వాళ్లు వాడిన పద్ధతే ఇది. ఇంకో సంగతి, దళంలో ఎక్కువమంది నల్ల సైనికులే. వాళ్లు లేకపోతే ఆ వేషమే లేదు.

లాయర్: వాళ్లలో పట్టుబడి మారినవాళ్లు కూడా ఉన్నారు కదా సార్.

కర్నల్: ఉన్నారు. గాయపడి దొరికిన గెరిల్లాకు ముందు వైద్యం చేయించేవారు. తర్వాత అంతకుముందే మారిన పాత సహచరుడు వచ్చి పక్కన కూర్చునేవాడు. జీతం ఇస్తారు, కుటుంబాన్ని తెచ్చి బ్యారక్‌లో పెడతారు అని చెప్పేవాడు.

లాయర్: ఒప్పుకోకపోతే? ఆయుధంతో దొరికినవాడికి ఆ దేశ చట్టంలో ఉరి. ఉరితాడు చూపించి ఉద్యోగం ఇస్తే దాన్ని మనసు మారడం అనరు. మన దగ్గర కోవర్టు అంటే ఏమిటో అందరికీ తెలుసు. వీళ్లు కోవర్టుల్నే ఒక రెజిమెంట్ చేశారు.

కర్నల్: ఫలితం చూడండి మరి. దేశం లోపల చనిపోయిన గెరిల్లాల్లో 68 శాతం స్కౌట్స్ ఖాతాలోవేనని వాళ్ల మిలటరీ ఇంటెలిజెన్స్ లెక్క తేల్చింది.

ప్రొఫెసర్: లెక్క రాసింది ఎవరో కూడా మీరే చెప్పారు. (నవ్వు) సరే, నిజమే అనుకుందాం. అన్ని చావుల తర్వాత కూడా 1979 నాటికి దేశంలో గెరిల్లాలు తగ్గలేదు, వేలల్లో పెరిగారు. శవాల లెక్కతో గెలిచే యుద్ధం కాదది.

వ్యాఖ్యాత: పల్లె వైపు నుంచి చూద్దాం. లాయర్ గారూ.

లాయర్: రాత్రిపూట తుపాకులతో పదిమంది వస్తారు. మేం పోరాటయోధులం, సంకటి వండిపెట్టమంటారు. వండితే? వచ్చినవాళ్లు స్కౌట్స్ అయితే ఆ ఇల్లు గుర్తుపెట్టుకుంటారు, తెల్లారి పోలీసులు వస్తారు. వండకుండా వెళ్లి పోలీసులకు చెబితే? వచ్చినవాళ్లు నిజం గెరిల్లాలైతే ద్రోహి అని ఊరందరి ముందు చంపుతారు. గెరిల్లాల మీద జనానికి అసహ్యం పుట్టాలని స్కౌట్స్ కావాలనే ఊళ్లలో కొట్టారని, చంపారని కూడా ఆరోపణలున్నాయి. కాథలిక్ న్యాయ, శాంతి కమిషన్ యుద్ధం నడుస్తుండగానే సైన్యం అకృత్యాల మీద రిపోర్టులు రాసింది. ప్రభుత్వం ఏం చేసింది? 1975లో ఒక చట్టం తెచ్చింది. ఉగ్రవాదాన్ని అణచడానికి సద్బుద్ధితో చేసిన పని అంటే చాలు, కేసు ఉండదు. అదీ 1972 డిసెంబర్ నుంచి వర్తించేలా.

కర్నల్: గెరిల్లాలు చేసినవి కూడా చెప్పండి. 1978 జూన్‌లో వుంబా కొండల్లోని మిషన్ స్కూల్లో బ్రిటిష్ మిషనరీలు, వాళ్ల పిల్లలు, మూడు వారాల పాప, మొత్తం 13 మంది.

ప్రొఫెసర్: అక్కడికే వస్తున్నా. అది సెలూ స్కౌట్స్ పనేనని ముగాబే పక్షం ప్రకటించింది. ప్రపంచంలో చాలామంది నమ్మారు కూడా. ఎందుకు నమ్మరు? గెరిల్లా వేషం వేసే దళం ఉందని అప్పటికే అందరికీ తెలుసు. తర్వాత బయటపడ్డ సాక్ష్యాలు మాత్రం గెరిల్లాల వైపే చూపించాయి. అంటే స్కౌట్స్ తమ నేరాలు దాచుకోవడమే కాదు, అవతలివాళ్ల నేరాలు దాచుకోవడానికీ వీలు కల్పించారు. నా దృష్టిలో ఆ దళం చేసిన పెద్ద నష్టం ఇదే. ఏ హత్య ఎవరు చేశారో తేల్చలేని దేశాన్ని మిగిల్చింది.

వ్యాఖ్యాత: మొజాంబిక్‌లోని న్యాద్జోన్యా శిబిరం మీద దాడి విషయంలో మాత్రం అనుమానం లేదు కదా?

ప్రొఫెసర్: ఎవరు చేశారన్నదాంట్లో లేదు. 1976 ఆగస్టు 9. మొజాంబిక్ సైన్యం యూనిఫాంలో, వాళ్ల రంగులేసిన వాహనాల్లో 80 మందికి పైగా స్కౌట్స్ సరిహద్దు దాటారు. పోర్చుగీసులో కేకేసి గేటు తీయించుకున్నారు. వెంట మోరిసన్ న్యాతి అనే మాజీ గెరిల్లా కమాండర్ ఉన్నాడు. మైదానంలో వేలమంది గుమిగూడి ఉన్నారు. కాల్పులు మొదలయ్యాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. స్కౌట్స్‌లో ఒక్కరూ చావలేదు. ఒక యుద్ధంలో ఇలాంటి లెక్క వస్తే అవతల ఆయుధాలు ఎన్ని ఉన్నట్టు?

కర్నల్: అది గెరిల్లాల శిక్షణ శిబిరమని దొరికిన కాగితాల్లో ఉందంటారు.

ప్రొఫెసర్: శిక్షణకు వచ్చిన కుర్రాళ్లు ఉన్నారు, కాందిశీకులూ ఉన్నారు. ఐక్యరాజ్యసమితి కాందిశీకుల సంస్థ దాన్ని తమకు తెలిసిన శిబిరమనే చెప్పింది. ఆస్పత్రి కూడా తగలబడింది. దాడి ఖరీదు రాజకీయంగానూ చాలా ఎక్కువే. రొడీషియాను మోస్తున్న దక్షిణాఫ్రికా ప్రధాని వోర్స్టర్‌కు ఒళ్లు మండి తన హెలికాప్టర్ సిబ్బందిని వెనక్కి పిలిచాడు. దానికి తోడు అమెరికా మంత్రి కిసింజర్ ఒత్తిడి. సెప్టెంబర్ 24న స్మిత్ మెజారిటీ పాలనకు ఒప్పుకుంటున్నానని ప్రకటించక తప్పలేదు. సైనిక పాఠాల్లో ఈ దాడిని మెచ్చుకునేవాళ్లు ఆ ఆరు వారాల సంగతి ఎత్తరు.

కర్నల్: మేడమ్ మాటతో ఇక్కడ ఏకీభవిస్తాను. నేను సైనికుడిగా చెప్పేది ఇంకొకటి. దళం ఏ ప్రాంతంలో తిరుగుతుంటే అక్కడికి మామూలు సైన్యం, పోలీసులు రాకూడదని నిషేధం పెట్టేవారు. ఎందుకంటే 1973లో ఆండ్రే రాబీ అనే సైనికుడు గెరిల్లా వేషంలో ఉండి సొంత సైన్యం తూటాకే చనిపోయాడు. జాగ్రత్త సరైనదే. కానీ ఎవరూ రాని చోట ఏం జరుగుతుందో పైఅధికారికి కూడా తెలియదు. ఆ ప్రాంతాల్లో ఏనుగు దంతాల వేట జరుగుతోందని పుకార్లొచ్చాయి. చివరికి సైన్యమే రీడ్-డేలీ ఆఫీసు ఫోన్‌ను రహస్యంగా విన్నది. ఆ సంగతి తెలిసి ఆయన 1979 జనవరిలో అందరి ముందు ఆర్మీ చీఫ్ హిక్‌మన్‌ను తిట్టాడు, కోర్టు మార్షల్ అయింది. క్రమశిక్షణ అక్కడిదాకా దిగజారింది.

వ్యాఖ్యాత: విషప్రయోగం ఆరోపణలో నిజమెంత?

ప్రొఫెసర్: బట్టల సంగతి ఆరోపణ స్థాయి దాటింది. బట్టలకు పారాథియాన్ అనే పురుగుమందు పట్టించి గెరిల్లాలకు చేరవేశారు. మన పత్తి రైతులకు తెలిసిన మోనోక్రోటోఫాస్ కుటుంబానికి చెందిన మందే అది. చర్మం గుండా ఎక్కుతుంది. తినే డబ్బాల్లో థాలియం కలిపారు. స్పెషల్ బ్రాంచ్ పోలీసులు నడిపిన పని ఇది. వాళ్లూ స్కౌట్స్ ఒకే కంచె లోపల పనిచేసేవారు. బట్టల్లో విషం సంగతి ఇంటెలిజెన్స్ అధిపతి కెన్ ఫ్లవర్ తర్వాత స్వయంగా రాశాడు. ఇక్కడా పల్లెలే బలి. సహచరుడు ఉన్నట్టుండి రక్తం కక్కుకుని చనిపోతే గెరిల్లాలు ఎవర్ని అనుమానిస్తారు? అన్నం పెట్టిన ముసలమ్మను. చేతబడి చేసిందని, విషం పెట్టిందని చంపిన సంఘటనలున్నాయి.

వ్యాఖ్యాత: ఆంత్రాక్స్ కూడా అంటారు.

ప్రొఫెసర్: 1978 నుంచి 1980 మధ్య పది వేలకు పైగా మనుషులకు సోకింది, 180 మందికి పైగా పోయారు. కావాలని వదిలారనే వాదన బలంగానే ఉంది. యుద్ధంలో పశువైద్యం కుప్పకూలడం వల్ల వ్యాపించిందనే వాదనా ఉంది. తేలలేదు. తేలని పద్దులో దాన్నే ముందు రాస్తాను.

లాయర్: ఒక్క మాట మన వైపు నుంచి. 2000ల నాటికి ఇక్కడ గ్రీన్ టైగర్స్, నల్లమల కోబ్రాస్ అనే పేర్లతో హక్కుల కార్యకర్తలకు బెదిరింపులొచ్చాయి, హత్యలు జరిగాయి. వెనక లొంగిపోయిన నక్సలైట్లు, వాళ్ల వెనక పోలీసులు ఉన్నారని హక్కుల సంఘాలు అన్నాయి.

కర్నల్: పోలీసులు అది కాదన్నారు. గ్రేహౌండ్స్‌నూ సెలూ స్కౌట్స్‌నూ ఒకే గాటన కట్టొద్దు. ఇక్కడ ఎన్నికలున్నాయి, కోర్టులున్నాయి.

లాయర్: కట్టలేదు సార్. కోర్టులున్నాయి కాబట్టే 2011లో జస్టిస్ సుదర్శన్ రెడ్డి గారి బెంచ్ ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీ కుర్రాళ్లకు తుపాకులిచ్చి ముందుకు తోయడం ఆపమంది. రొడీషియాలో ఆ మాట చెప్పే కోర్టు లేదు.

వ్యాఖ్యాత: స్వాతంత్ర్యం వచ్చాక వీళ్లకు ఏమైంది?

ప్రొఫెసర్: 1980లో దళాన్ని రద్దు చేశారు. చాలామంది దక్షిణాఫ్రికా సైన్యంలో చేరారు. రీడ్-డేలీ దక్షిణాఫ్రికా నల్లవాళ్లకు విడిగా ఏర్పాటు చేసిన ట్రాన్స్‌కై ప్రాంతానికి సైన్యాధిపతి అయ్యాడు, 2010లో పోయాడు. నమీబియాలో కూవూట్ అనే పోలీసు దళం ఇదే దారిలో నడిచింది. అధికారంలోకి వచ్చిన ముగాబే కూడా పాత చట్టాలను, ఎమర్జెన్సీని అలాగే ఉంచుకున్నాడు. 1983 నుంచి సైన్యంలోని ఐదో బ్రిగేడ్‌తో దేశ పశ్చిమాన ఉన్న మటబెలెలాండ్‌లో వేలమందిని చంపించాడు. అక్కడా వేషం వేసిన బృందాలు తిరిగాయని సాక్షులు చెప్పారు.

కర్నల్: ఇప్పుడు ఆ దళం బొమ్మలున్న టీషర్టులు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. కొనే కుర్రాళ్లలో సగం మందికి యుద్ధం ఎందుకు జరిగిందో తెలియదనుకుంటా.

ప్రొఫెసర్: కొందరికి బాగా తెలుసు. 2015లో అమెరికాలోని చార్ల్స్‌టన్ చర్చిలో తొమ్మిదిమంది నల్లవాళ్లను చంపినవాడు రొడీషియా జెండా గుర్తు ఉన్న జాకెట్ వేసుకుని ఫొటో దిగాడు.

వ్యాఖ్యాత: చివరి ప్రశ్న. ఇప్పుడు కేసు పెట్టడానికి వీలుందా?

లాయర్: లేదు. రెండు వైపులకూ క్షమాభిక్ష ఇచ్చేశారు. చాలా ఫైళ్లను స్వాతంత్ర్యానికి ముందే తగలబెట్టారు. మిగిలింది ఎముకలు. 2011లో మౌంట్ డార్విన్ దగ్గర చిబోండో గనిలో గుట్టలుగా శవాలు బయటపడ్డాయి. రొడీషియా సైన్యం చంపినవేనని అధికార పార్టీ టీవీలో పదేపదే చూపించింది. కొన్ని శవాలు అంత పాతవిలా లేవు, తర్వాతి హత్యలవి కావచ్చని జాపు మాజీ గెరిల్లాలు అడ్డం తిరిగారు. నిపుణులు చూడకముందే పలుగులు, పారలతో తవ్వేశారు.

కర్నల్: అది రెండోసారి చంపడమే.

లాయర్: కోర్టు ఆపమనేసరికే చాలా తవ్వేశారు. ఎముకల్ని కలిపేశాక ఎవరిది ఏదో చెప్పడం కష్టం సార్. ఇప్పటికైనా మిగతా గనుల్ని నిపుణులకు అప్పగించాలి, తేదీలు తేల్చాలి. తేలితే ఎవరికి ఇబ్బందో మేడమ్ ఇందాకే చెప్పారు.

వ్యాఖ్యాత: ఇద్దరికీ.

ప్రొఫెసర్: ఇద్దరికీ. అందుకే గనులు అలాగే ఉన్నాయి.