ముల్లు చెప్పిందల్లా వినకండి: పెంటాక్స్ కె1000తో మెరీనాలో

అందరికీ నమస్తే. పొద్దున్నే మెరీనాకి వచ్చేశాం, గాలి గోల ఎక్కువగా ఉంది, మాట సరిగ్గా వినబడకపోతే కాస్త సర్దుకోండి. నా చేతిలో ఉన్నది పెంటాక్స్ కె1000 అనే పాత ఫిల్మ్ కెమెరా. 1976లో వచ్చింది, 1997 దాకా అమ్మారు. ఆటోఫోకస్ లేదు, ఆటో మోడ్ లేదు, సెల్ఫ్ టైమర్ కూడా లేదు, అందుకే ఫిల్మ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను దీన్నే చెబుతాను.

ముందు రీల్ ఎక్కిద్దాం. ఎడమవైపు ఉన్న ఈ రివైండ్ నాబ్‌ని గట్టిగా పైకి లాగితే వెనక తలుపు టక్కున తెరుచుకుంటుంది. రీల్ డబ్బా ఎడమ గదిలో పెట్టి, నాబ్ కిందికి నొక్కేసి, ఫిల్మ్ నాలుకని కుడివైపు స్పూల్ సందులో దూర్చండి. ఇక్కడ ఒక్క నిమిషం ఓపిక పట్టండి. ఫిల్మ్ అంచున ఉన్న చిల్లులు ఈ పళ్ల చక్రానికి పట్టాయా లేదా అని కళ్లతో చూశాకే తలుపు మూయాలి. మూశాక రివైండ్ క్రాంక్‌ని మెల్లగా గడియారం ముల్లు తిరిగే వైపుకి తిప్పి బిగువు చూసి, ఇప్పుడు ఫిల్మ్‌ని ముందుకి జరిపే లివర్ లాగండి. క్రాంక్ దానంతటదే వెనక్కి తిరుగుతోందా? అయితే ఫిల్మ్ కదులుతున్నట్టే. తిరగకపోతే, 36 ఫొటోలు తీశామనుకుని ఒక్కటీ తీయనట్టే.

తర్వాత ఏఎస్ఏ, అంటే ఫిల్మ్ వెలుగుకి ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే నంబర్. షట్టర్ డయల్ అంచు పైకెత్తి తిప్పాలి, నేను 200 ఫిల్మ్ వేశాను కాబట్టి 200 పెట్టాను. బ్యాటరీ ఎల్ఆర్44 గానీ ఎస్ఆర్44 గానీ ఒక్కటే, అదీ వెలుగు కొలిచే మీటర్‌కి మాత్రమే. మీటర్‌కి ఆఫ్ స్విచ్ లేదండీ, లెన్స్ మూత పెట్టడమే దాని స్విచ్.

ఇక అసలు సంగతికొద్దాం. వ్యూఫైండర్‌లో కుడిపక్కన ఒక ముల్లు కనిపిస్తుంది. అది పైకి పోతే వెలుగు ఎక్కువైనట్టు, కిందికి పడితే తక్కువైనట్టు, మధ్యలో నిలిస్తే సరిపోయినట్టు. చాలా వీడియోల్లో ఇంతవరకు చెప్పి వదిలేస్తారు, నాకు చిరాకు అక్కడే. ఆ ముల్లుకి మీరు దేన్ని చూస్తున్నారో తెలియదు. ఫ్రేములో పడిన వెలుగునంతా కలిపి, అదంతా మధ్యరకం బూడిదరంగు అనుకుని లెక్క చెబుతుంది, అంతే.

ఇదిగో, ఎదురుగా లేబర్ స్టాచ్యూ. నలుగురు మనుషులు బండరాయిని కదిలిస్తుంటారు చూడండి, శిల్పి దేవీప్రసాద్ రాయ్ చౌధురి, 1959లో పెట్టారు. మనం రోడ్డువైపు నుంచి చూస్తున్నాం, అంటే తూర్పు ముఖంగా, దాని వెనక తెల్లారుతున్న ఆకాశం. లెన్స్ రింగూ షట్టర్ డయలూ తిప్పి ముల్లు మధ్యకి తెస్తే ఎఫ్ 8 (లెన్స్ ద్వారం సైజు), 500 (సెకనులో 500వ వంతు షట్టర్) అంటోంది. అది ఆకాశం లెక్క. అలాగే నొక్కితే నలుగురూ నల్లటి నీడలైపోతారు. నీడబొమ్మే కావాలంటే నొక్కేయండి, తప్పేం లేదు. కండలూ ఆ బిగువూ కనబడాలంటే మాత్రం డయల్‌ని 500 నుంచి 250కి, అక్కడి నుంచి 125కి దించండి. రెండు స్టాపులు, ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు. ముల్లు పైకెగిరి గోల చేస్తుంది, చేయనివ్వండి. ఆకాశం కాస్త తెల్లబోతుంది, కలర్ నెగటివ్ దాన్ని తట్టుకుంటుంది. వెలుగు తక్కువ పడితేనే నీడల్లో ఏమీ మిగలదు, స్కానింగ్‌లో ఎంత లాగినా బురదలాంటి రంగే వస్తుంది. సూర్యుడు పైకొచ్చేశాక మాత్రం వ్యూఫైండర్‌లోంచి నేరుగా చూడకండి, కళ్లు జాగ్రత్త.

మైలాపూర్ మాడవీధిలో తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన్ని ఫ్రేము నిండా తీస్తున్నారనుకోండి, ముల్లు మాట వింటే పంచె మాసినట్టు వస్తుంది, ఒక స్టాప్ ఎక్కువివ్వండి. గుళ్లో నల్లరాతి స్తంభమైతే ఒకటి తగ్గించండి. ఏదీ తేలకపోతే, మీరు తీసేదాని మీద పడుతున్న వెలుగులోనే మీ అరచేయి పెట్టి, ఫ్రేము నిండా దాన్నే చూసి, వచ్చిన లెక్కకి ఒక స్టాప్ కలపండి. అరచేయి బూడిదరంగు కన్నా కాస్త తెలుపు, అందుకు. ఫోకస్ చేయక్కర్లేదు, వెలుగు చూస్తే చాలు.

బ్యాటరీ అయిపోతే? టెన్షన్ పడకండి, బ్యాటరీ లేకపోయినా షట్టర్ పనిచేస్తుంది. మిట్టమధ్యాహ్నం చెన్నై ఎండలో ఎఫ్ 16 పెట్టి, షట్టర్ ఫిల్మ్ నంబర్‌కి దగ్గరగా, అంటే 200కి 250. మబ్బు పట్టినప్పుడు ఎఫ్ 8. ఈ 50 ఎంఎం లెన్స్‌తో చేత్తో పట్టుకుని తీస్తే 60 కన్నా కిందికి దిగకండి.

ఇంకొకటి, ఈ ఊరి తేమ గురించి. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరా బయట పెట్టగానే లెన్స్ మీద ఆవిరి కమ్ముతుంది, తుడవకండి, కాసేపు సంచిలోనే ఉంచి బయటికి తీయండి. ఇంట్లో లెదర్ కేసులో పెట్టి మర్చిపోతే బూజు ఖాయం. గాలి దూరని డబ్బా, అందులో సిలికా జెల్, అంతే.

రీల్ అయిపోయాక లివర్ కదలదు, బలవంతం చేయొద్దు. కెమెరా అడుగున ఉన్న చిన్న బటన్ నొక్కి, క్రాంక్ తిప్పుతూ ఉండండి, బిగువు ఒక్కసారిగా వదిలేదాకా తలుపు తీయకండి. ల్యాబ్‌లో ఫిల్మ్ కడగడానికి ఇచ్చేటప్పుడు నెగటివ్‌లు వెనక్కి కావాలని ముందే చెప్పండి. మీరు కొన్నది సినిమా ఫిల్మ్‌ని చిన్న డబ్బాల్లో చుట్టి అమ్మేదైతే అదీ చెప్పాలి, కొన్నిటి వెనక నల్లటి పూత ఉంటుంది, అలాంటిది మామూలు మెషిన్‌లో వేస్తే వాళ్ల కెమికల్ పాడవుతుంది, మీ రీలుతో పాటు పక్కవాళ్ల రీళ్లు కూడా.