నోటి క్యాన్సర్ ఉన్నవాళ్ళకి ఆయాసం వస్తే క్యాన్సర్ పాకినట్టేనా?

నమస్కారం అండీ. గుంటూరు నుంచి ఒకావిడ అడిగారు. వాళ్ళాయనకి నాలుక క్యాన్సర్, ఆపరేషన్, రేడియేషన్ అయిపోయాయి, నాలుగు రోజులుగా ఆయాసం. "ఊపిరితిత్తులకి పాకిందేమో, నిద్ర పట్టట్లేదు" అన్నారు.

అమ్మా, పాకడం ఒక కారణమే. కానీ ఆయాసానికి ఇంకా చాలా కారణాలున్నాయి, వాటిలో కొన్ని మందులతో తగ్గిపోయేవి.

మా మేనమామ సంగతి చెబుతాను. రేడియేషన్ అయ్యాక విజయవాడలో మా ఇంట్లోనే ఉన్నాడు. మజ్జిగ రెండు గుక్కలు తాగితే చాలు పొలమారేది, అత్త నెత్తి మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అనేది, మేమూ పట్టించుకోలేదు. వారం తిరక్కుండా సాయంత్రానికి జ్వరం, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. ఎక్స్‌రే తీస్తే కుడివైపు నెమ్ము. మింగింది కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి పోయిందట! యాంటీబయాటిక్స్ వాడి, కొన్నాళ్ళు ముక్కు గొట్టం ద్వారా జావ పోస్తే తగ్గింది. కొందరికైతే దగ్గు కూడా రాకుండానే లోపలికి జారుతుంది, అందుకే తిన్నాక గొంతు గరగరమంటోందా అని చూడండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం జాగ్రత్తగా వినండి. గడ్డ పెరిగినా, రేడియేషన్ వల్ల గొంతు లోపల వాచినా గాలి వెళ్ళే దారి ఇరుకైపోతుంది. ఊపిరి పీల్చేటప్పుడు కీచుమని శబ్దం వస్తుంది, పడుకోలేక ముందుకు వంగి కూర్చుంటారు, ఉమ్మి మింగలేక కారిపోతుంటుంది. అప్పుడు వేలికి పెట్టే ఆక్సీమీటర్ 97 చూపించినా దాన్ని నమ్మి తెల్లారేదాకా ఆగకండి, దారి మూసుకుపోతున్నా ఆ అంకె చాలాసేపు బాగానే ఉండొచ్చు. 108కి ఫోన్ చేయండి.

ఊపిరి ఆడటానికి మెడ దగ్గర గొట్టం పెట్టి ఉంటే, ముందు లోపలి గొట్టం తీసి చూడాలి, కళ్ళె ఎండి గట్టిపడి అడ్డుపడుతుంది. ఎలా కడగాలో డిశ్చార్జ్ అయ్యేముందే నర్సుతో దగ్గరుండి నేర్చుకోండి.

ఆయాసం ఉన్నట్టుండి మొదలై, ఒక కాలి పిక్క వాచి, ఊపిరి తీస్తే గుండెలో పొడిచినట్టుంటే, కాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి చేరి ఉండొచ్చు. క్యాన్సర్ ఉన్నవాళ్ళకి, మంచం మీదే ఉండేవాళ్ళకి ఈ ప్రమాదం ఎక్కువ. ఇది కూడా అదే క్షణం పరిగెత్తాల్సిన విషయం.

అలా కాకుండా రోజురోజుకీ పెరుగుతూ, స్నానం చేసొస్తేనే అలిసిపోతుంటే రక్తం తగ్గిందేమో చూడాలి. నమలలేరు, తినలేరు, పైగా కీమో. కింది కనురెప్ప లాగితే లోపల తెల్లగా ఉంటుంది.

ఇంకోటి, మన గుంటూరు పొగాకు ఊరు, 1976లో పెట్టిన పొగాకు బోర్డు ఆఫీసు కూడా ఇక్కడే. చుట్టో సిగరెట్టో ఏళ్ళ తరబడి కాల్చినవాళ్ళ ఊపిరితిత్తులు క్యాన్సర్‌కి ముందే దెబ్బతిని ఉంటాయి, వాళ్ళకి ఇన్‌హేలర్‌తో హాయిగా ఉండొచ్చు.

నిజంగా పాకినా, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే సూదితో తీస్తారు, ఊపిరి తేలికవుతుంది. ఇక చేసేదేం లేదన్న దశలోనూ ఆయాసం తగ్గేలా డాక్టర్లు తక్కువ మోతాదులో మార్ఫిన్ ఇస్తారు, దానికి భయపడకండి. ముఖానికి తగిలేలా చిన్న ఫ్యాన్ పెట్టినా ఊరటగా ఉంటుంది.

అమ్మా, మీవారికి నాలుగు రోజులైంది కాబట్టి ఇంక ఆగకండి, ఇవాళే తీసుకెళ్ళండి. ఎప్పుడు మొదలైంది, పొలమారుతోందా, జ్వరం ఉందా, పడుకుంటే ఎక్కువవుతోందా, ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని, రేడియేషన్ ఫైలుతో పాటు పట్టుకెళ్ళండి.